తూములో బూడిద

ఉండి ఊళ్ళో ఒకరింట్లో బాత్రూం తూము పూడిపోతే, ఆ ఇంటి కోడలు ముందు బ్లీచింగ్ పోసి, అది చాలదని దాని మీద యాసిడ్ పోసిందట. పోసీ పొయ్యగానే పచ్చటి పొగ లేచిందట. అత్తాకోడళ్ళిద్దరూ తెగులు తగిలిన కోళ్ళలా గుమ్మంలోనే తలలు వాల్చేశారట. అత్త పోయిందట. కోడలికి ఇప్పటికీ గొంతు పెగలడం లేదట, ఏం కావాలన్నా గిన్నె మీద గరిటెతో కొట్టి పిలుస్తోందట. ఇదంతా మాణిక్యానికి వాళ్ళ పిన్ని ఫోన్లో చెప్పింది. పిన్నికి చెప్పింది ఆ వీధిలో పాలు పోసే ఆవిడ. మాణిక్యం ప్రహరీ గోడకు మోచేతులు ఆనించి, పళ్ళు తోముకుంటూ, పక్కింటి మంగాదేవికి చెప్పింది.

"రెండూ కలిస్తే విషమంట వదినా. తాగక్కర్లేదంట. పీలిస్తే చాలంట."

మంగాదేవి చేతిలో బియ్యం కడిగిన గిన్నె ఒరిగి, కడుగునీళ్ళు పాదాల మీద పడ్డాయి. ఆ తెల్లవారుజామునే ఆమె షెడ్డులో ఉన్న బ్లీచింగ్ మూట విప్పి, రెండు కొబ్బరిచిప్పల నిండా తెచ్చి, తమ బాత్రూం తూములో కుమ్మరించి వచ్చింది. చేపల చెరువులున్న ఇల్లు. చెరువు నీళ్ళలో చల్లే బ్లీచింగ్ ఆ ఇంట్లో ఉప్పు ఉన్నట్టే ఉంటుంది. ఇప్పుడు ఎనిమిదయింది. తొమ్మిదింటికి తూములు బాగుచేసే సీమోను వస్తానన్నాడు. అతని సైకిలుకు ఒక పక్క స్ప్రింగు తీగ చుట్ట, ఇంకో పక్క యాసిడ్ డబ్బా వేలాడుతుంటాయని గణపవరం చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు.

"కొంపదీసి నువ్వు పోశావా ఏంటి?" అంది మాణిక్యం.

"పోశాను."

"ఎంత?"

"రెండు చిప్పలు."

మాణిక్యం నోట్లో నురగ ఉమ్మేసి "శివశివా" అంది. అన్నాక నాలిక కరుచుకుంది. సోమవారం నాడు వాళ్ళిద్దరూ చేసిన పని తరవాత శివుడి పేరెత్తే మొహం ఇద్దరికీ లేదు.

ఆ పని ఏంటంటే, కార్తీక సోమవారం పూట చేప తిన్నారు.

మంగాదేవి పుట్టిల్లు కొల్లేటికోట. చేప లేనిదే ముద్ద దిగని ఊరు. మెట్టింట్లో మాత్రం దీపావళి మర్నాటి నుంచి నెల రోజులపాటు నీచు గుమ్మం తొక్కకూడదు. అత్తగారు వెంకటనరసమ్మకు డెబ్బై రెండేళ్ళు. కార్తీకం నెలా ఆవిడ తెల్లవారకుండా తలారా స్నానం చేసి, తడి చీరతో తులసి దగ్గర దీపం పెడుతుంది. మొన్న ఆదివారం ఆవిడ ఊరి ఆడవాళ్ళతో బస్సెక్కి పంచారామాలు చూడటానికి బయల్దేరింది. మొగుడు జగన్మోహనరావు చెరువులో చేపల పట్టుబడికని వెళ్ళి నాలుగు రోజులుగా గట్టు మీదే ఉన్నాడు. అలాంటి పూట మంగాదేవి తమ్ముడు బుచ్చిబాబు ఏలూరు వెళుతూ, దారిలో ఆగి, బకెట్లో బతికున్న కొర్రమేనులు రెండు ఇచ్చి పోయాడు. వాడికి కార్తీకమూ లేదు, మార్గశిరమూ లేదు.

చెరువులో మేత వేసి పెంచిన చేప ఎంత తిన్నా కొల్లేటి కొర్రమేనుకు సాటి రాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళకు బకెట్లో అది తోక కొడుతుంటే చెవులు మూసుకుని కూచోవడం కష్టం. మాణిక్యాన్ని గోడ మీంచే పిలిచింది. మాణిక్యం మొగుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. దాని పరిస్థితీ అంతే, నాలిక చచ్చిపోయి ఉంది.

అయితే కొర్రమేనును తోమడం ఒక పని. ఒళ్ళంతా జిగురు. పొయ్యి బూడిద దట్టంగా పోసి, రాతి మీద రుద్దితేనే ఆ జిగురూ పొలుసూ వదులుతాయి. పెరట్లో రాయి ఉంది. కానీ పెరట్లో తోమితే కాకులు ఊరంతా చాటింపు వేస్తాయి. అందుకని ఇద్దరూ బాత్రూంలో తలుపేసుకుని, నాలుగు దోసిళ్ళ బూడిదతో ఆ రెండు చేపల్నీ తోమి, జిగురూ బూడిదా పొలుసులూ అన్నీ చెంబులతో నీళ్ళు కొట్టి తూములోకి తోసేశారు. తిన్నారు. ముళ్ళు గొయ్యి తీసి పాతారు. ఇల్లంతా కడిగి సాంబ్రాణి వేశారు. మంగళవారం పొద్దున్నే వెంకటనరసమ్మ బస్సు దిగి, ఐదు గుళ్ళ విభూతీ కలిపి కోడలి నుదుట తన చేత్తోనే పెట్టింది. మంగాదేవి కళ్ళు మూసుకుని పెట్టించుకుంది.

జిగురు కలిసిన బూడిద తూము వంపులో సిమెంటులా బిగిసింది. బుధవారానికి నీళ్ళు నిలిచాయి. నీళ్ళతోపాటు నీచు కంపూ లేచింది. ఆ కంపు అత్తగారి ముక్కున పడకముందే చంపాలని గురువారం తెల్లవారుజామున మంగాదేవి బ్లీచింగ్ పోసింది. కంపు చచ్చింది గానీ నీళ్ళు కదల్లేదు. వెంకటనరసమ్మ చీలమండల దాకా నీళ్ళలో నిలబడి కార్తీక స్నానం చేసి, బయటకొచ్చీ రాగానే తన బుల్లి ఫోన్లోంచి సీమోనుకు తనే కబురు పెట్టింది. బ్లీచింగ్ వాసన ఆ ఇంటికి కొత్త కాదు గనక ఆవిడ దాని సంగతే అడగలేదు.

అదీ జరిగింది. ఇప్పుడు సీమోను వస్తాడు. యాసిడ్ పోస్తాడు. తూము మీదికి వంగి మరీ పోస్తాడు.

"నువ్వు చెప్పవే మాణిక్యం. గేటు దగ్గర నిలబడి ఒక్క మాట చెవినెయ్యి."

"నేనా? ఇల్లిల్లూ తిరిగే మనిషికి ఏం చెప్పినా సాయంత్రానికి మా ఆయనకి చేరుద్ది. మాలేసుకున్న మనిషి ఇంట్లో నేను కొర్రమేను మింగానని తెలిస్తే నన్ను మా పుట్టింటికి పంపేత్తాడు తల్లీ. మీ ఇంటి తూము, మీ అత్తగారు. నువ్వే చెప్పుకో." మాణిక్యం తల గోడ అవతలికి దిగిపోయింది.

మంగాదేవి గిన్నె గోడ మీద పెట్టేసింది. చెప్పడం ఎంతసేపు? "బ్లీచింగ్ పోశాను" అంటే చాలు. కానీ ఆ మాట వెనకే "ఎందుకు పోశావు?" వస్తుంది. దాని వెనక కంపు వస్తుంది. కంపు వెనక కొర్రమేను వస్తుంది. అత్తగారు అరిచి ఊరుకునే మనిషయితే భయం లేదు. ఇరవయ్యేళ్ళ కిందట తను ఎవరి ఇంట్లోనో మైల అన్నం తిని వచ్చి చెప్పలేదని, ఆవిడ మూడు నెలలు కోడలి చేతి నీళ్ళు ముట్టలేదు. వేరే పొయ్యి పెట్టుకుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ రెండో పొయ్యినే చూపించింది తప్ప ఒక్క మాట అనలేదు. ఆ మూడు నెలలూ మంగాదేవికి ఇప్పటికీ కలలోకి వస్తాయి.

ఆమె బకెట్టూ చెంబూ తీసుకుని బాత్రూంలోకి పరిగెత్తింది. నిలిచిన నీళ్ళు తోడి పెరట్లో పారబోసింది. ఒక బకెట్టు, రెండు, నాలుగు. కళ్ళు మండాయి. తూము కన్నంలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వంపు దగ్గర వేళ్ళకు ముద్ద తగిలింది. పైన మెత్తగా జారుతోంది, అది బ్లీచింగ్. కింద గట్టిగా ఉంది. గోళ్ళతో గీకితే పిసరంత వచ్చింది.

"ఏం చేస్తన్నావే అక్కడ?" వసారాలో మంచం మీంచి వెంకటనరసమ్మ అడిగింది. ఆ మంచానికీ బాత్రూం గుమ్మానికీ మధ్య నాలుగు అడుగులు. "వచ్చేవాడు వస్తన్నాడు కదా. పాకీ పని నీకెందుకు?"

"నీళ్ళు తోడుతున్నానండీ, అతనికి వీలుగా ఉంటదని."

గేటు దగ్గర సైకిలు గంట మోగింది.

సీమోనుకు యాభై దాటాయి. సన్నటి మనిషి. లుంగీ ఎగ్గట్టి, తీగ చుట్ట భుజాన వేసుకుని, యాసిడ్ డబ్బా చేత్తో పట్టుకుని, నవ్వుతూనే పెరట్లోకి వచ్చాడు.

"ఏం మామ్మగారూ, పంచారామాలు చూసొచ్చారంట. మా గురించి కూడా ఒక దణ్ణం పెట్టారా?"

"నీకు నీ ఏసుప్రభువు ఉన్నాడు కదయ్యా, మా ఆయనతో నీకేం పని?"

"ఆయన పరలోకం చూసుకుంటాడండి. తూములు మీ ఆయన చూసుకోవాలి. గంగ ఆయన నెత్తి మీదే కదండీ ఉంది."

వెంకటనరసమ్మ నవ్వింది. మంగాదేవికి నవ్వు రాలేదు. ఆమె చూపు డబ్బా మీదే ఉంది. తెల్ల డబ్బా, నీలం మూత. మూత చుట్టూ గుడ్డ పేలిక.

సీమోను గుమ్మంలో గొంతుక్కూచుని తూము వైపు చూశాడు. "ఇందులో ఏమన్నా పోశారాండీ? యాసిడ్ గానీ, ఫినాయిల్ గానీ, మరోటి గానీ? నాకు వాసన తెలీదండి. కరోనా వచ్చినప్పుడు ముక్కు పోయింది, మళ్ళీ రాలేదు. అందుకని అడక్కుండా చెయ్యి పెట్టను."

మంగాదేవి నోరు తెరిచింది.

"ఏం పోస్తారయ్యా మా ఇంట్లో?" అంది వెంకటనరసమ్మ. "కార్తీకమాసం. పసుపు నీళ్ళు తప్ప ఇంకేం పడవు."

"అంటే..." అంది మంగాదేవి.

అత్తగారు తల తిప్పింది. "అంటే ఏంటే?"

ఆ చూపులో కోపం లేదు. ఉత్తి ప్రశ్నే ఉంది. మంగాదేవికి ఆ రెండో పొయ్యి కనిపించింది.

"అంటే, కాస్త సర్ఫు నీళ్ళు పోశానండీ."

"సర్ఫు ఏం చెయ్యదులెండి" అన్నాడు సీమోను. తీగ విప్పి తూములోకి దించాడు. తిప్పుతూ తోస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. "ఆడోళ్ళ జుట్టు, అన్నం గంజి, నూనె మడ్డి. ఈ మూడే నాకు అన్నం పెడతన్నాయండి. జాలీ మీద ఓ పాత గుడ్డ కట్టుకుని, వారానికోసారి మరిగిన నీళ్ళు పోసుకుంటే నా మొహం చూడక్కర్లేదు. చెబుతాను, ఎవరూ వినరు. వింటే నేనేం తినాలి?"

మంగాదేవి కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు ఇచ్చేటప్పుడు చెవిలో చెప్పొచ్చనుకుంది. వెంకటనరసమ్మ మంచం దిగి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, పని చూస్తూ. కాఫీ ఇచ్చి ఊరికే వెనక్కి వచ్చింది. ఊరికే నిలబడలేక, బాత్రూం గోడ పైన కిటికీ కన్నానికి దోమలు రాకుండా పెట్టిన అట్టముక్కను కర్రతో పొడిచి కింద పడేసింది.

"అదెందుకు తీస్తన్నావు?" అంది అత్తగారు.

"గాలి రావాలి కదండీ."

తీగ పైకి వచ్చింది. చివర బూడిద రంగు ముద్ద. సీమోను దాన్ని అరచేతిలోకి తీసుకుని వేలితో చిదిపాడు. ఆ వేలు ఆగిపోయింది. ముద్దలో పొలుసులు మెరిశాయి. కొర్రమేను పొలుసు గుర్తుపట్టలేనివాడు ఆ లంకల్లో ఎవడూ ఉండడు. సీమోను గుప్పిట మూసేశాడు.

అప్పుడే గేటు దగ్గర పూలమ్మి కేక వేసింది. వెంకటనరసమ్మ సాయంత్రం దీపానికి పూలు చూసుకోవాలని అటు వెళ్ళింది.

ఇద్దరే మిగిలారు. అత్తగారు బేరం ఆడితే రెండు నిమిషాలు పడుతుంది. మంగాదేవి గుమ్మంలోకి వచ్చింది. "సీమోనూ" అంది.

సీమోను గుప్పిట తెరిచి చూపించి, వెంటనే మూసి, గొంతు తగ్గించి అన్నాడు. "నేనేం చూళ్ళేదండి. మీరేం భయపడకండి అమ్మగారూ. కొర్రమేనేగా! వాసన తెలిసినా తెలియకపోయినా, నేనైతే ఏసుప్రభువు ఎదురుగా నిలబడినా తింటాను." కిసుక్కున నవ్వి, పొలుసుల్ని లుంగీ మడతలోకి తోసేసుకున్నాడు.

మంగాదేవి కూడా నవ్వింది. నవ్వు తనంతట తనే వచ్చింది. నాలుగు రోజులుగా మెడ మీద ఉన్న కత్తిని ఎవరో తీసేసినట్టు అనిపించింది. ఆ నవ్వులో ఒక నిమిషం పోయింది. తేరుకుని, "యాసిడ్ వద్దులే సీమోనూ, తీగతోనే కానివ్వు" అంది.

"తీగకి ఇది లొంగదండి. బూడిద గట్టిపడిపోయింది. అరలీటరు పోస్తే మెత్తబడి దానంతటదే పోద్ది."

"పైపు పాడైపోద్దేమో."

"ప్లాస్టిక్ పైపుకి ఏం కాదండి."

"కాదు, అందులో..."

"చేమంతులు ఇంత వాడిపోయి ఉన్నాయేంటే, పొద్దున్నే కోసినవి కావా ఇవి?" అంటూ వెంకటనరసమ్మ గొంతు దగ్గరికి వచ్చేసింది. మంగాదేవి నోరు ఆ మాట దగ్గరే మూతపడింది. మూసుకోమని ఎవరూ చెప్పలేదు. అదే మూసుకుంది.

సీమోను పేలిక విప్పాడు. నీలం మూత తిప్పాడు. ఎడం చెయ్యి గోడకు ఆనించి, తూము మీదికి వంగాడు. మంగాదేవి అతని వీపును చూస్తోంది. చొక్కా మీద భుజం దగ్గర వేరే గుడ్డతో వేసిన అతుకు ఉంది. ఆ అతుకును చూస్తూ, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటోంది. ఉండిలో జరిగింది అబద్ధం కావచ్చు. మాణిక్యం చెప్పేవాటిలో సగం అబద్ధాలే. నీళ్ళు తోడేసింది కదా, బ్లీచింగ్ కొంత పోయి ఉంటుంది. ఏం కాకపోవచ్చు. డబ్బా వంగింది.

"పొయ్యకు సీమోనూ! బ్లీచింగ్ ఉంది అందులో! బ్లీచింగ్ పోశాను!"

ఆ అరుపుకు గోడ అవతల మాణిక్యం చేతిలో గిన్నె జారిన చప్పుడయింది. కానీ యాసిడ్ అప్పటికే దిగింది. తూము బుస్సుమంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన పొగ, పొగ అన్నా కాదు, పలచటి మురికి గాలి లాంటిది, కన్నంలోంచి లేచి నేల మీద పాకుతూ సీమోను మొహాన్ని కప్పింది. ఆ ముక్కుకు ఏమీ తెలియలేదు. ఊపిరి పీల్చాడు. తరవాత తెలిసింది. డబ్బా వదిలేసి రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. లేవబోయి, తడి నేల మీద కాలు జారి, తల గోడకు కొట్టుకుని పక్కకు ఒరిగాడు.

మంగాదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి దూకింది. ఎలా దూకిందో ఆమెకు తెలియదు. గొంతులో నిప్పురవ్వలు పడ్డట్టయింది. కళ్ళు కనిపించలేదు. చేతికి దొరికిన చొక్కా పట్టుకుని లాగింది. అతుకు చిరిగింది. చంకల కింద చేతులు వేసి లాగింది. గుమ్మం దాటాక వెంకటనరసమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి అతన్ని పెరట్లోకి ఈడ్చి, తులసికోట పక్కన పడుకోబెట్టారు. సీమోను దగ్గుతున్నాడు. ఒక్కో దగ్గుకూ ఒళ్ళంతా విల్లులా వంగుతోంది. నోటి వెంట నురగ, అందులో ఎర్రటి చారలు.

మాణిక్యం గోడ దూకి వచ్చి, "చచ్చాడా? చచ్చాడా వదినా?" అని ఏడుస్తూ రోడ్డు మీదికి ఆటో కోసం పరిగెత్తింది.

వెంకటనరసమ్మ మడి చీర కొంగు చెంబు నీళ్ళలో ముంచి, కింద కూచుని, సీమోను తల ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడిచింది. కోడలి వైపు చూడలేదు.

"బ్లీచింగ్ ఎందుకు పోశావే?"

మంగాదేవి దగ్గుతూనే చెప్పింది. సోమవారం, బుచ్చిబాబు, బూడిద, అన్నీ. వెంకటనరసమ్మ కొంగు మళ్ళీ నీళ్ళలో ముంచింది.

గణపవరం ఆసుపత్రిలో సీమోనుకు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు కుర్రవాడు. ఏం కలిసిందో మంగాదేవి చేతే రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. "ఇప్పుడు బాగానే ఉన్నట్టు కనబడతాడమ్మా. కానీ అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. రాత్రికి నీరు చేరొచ్చు. చేరితే ఏలూరు తీసుకెళ్ళాలి. రేపటిదాకా నేనేం చెప్పలేను" అన్నాడు.

పన్నెండు దాటాక పెర్సిస్ వచ్చింది. సీమోను పెళ్ళాం. రొయ్యల షెడ్డులో పని మధ్యలోంచి వచ్చేసినట్టుంది, నెత్తి మీద ప్లాస్టిక్ టోపీ అలాగే ఉంది, చేతివేళ్ళు ఐసు నీళ్ళకు తెల్లగా పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. లోపలికి వెళ్ళి మొగుణ్ణి చూసింది. అతను మాట్లాడబోతే చెయ్యి పెట్టి ఆపింది. కాసేపు ఆక్సిజన్ గొట్టానికి తగిలించిన గాజు సీసాలో నీళ్ళ బుడగల వైపు చూస్తూ నిలబడింది. ఆ బుడగలు ఆగనంతసేపూ పరవాలేదని నర్సు చెప్పింది. తరవాత వరండాలోకి వచ్చింది.

బల్ల మీద అత్తా కోడలూ కూచుని ఉన్నారు. మంగాదేవి గొంతు బొంగురుపోయి ఉంది. కళ్ళు ఎర్రగా వాచాయి. లేచి నిలబడింది.

"ఏలూరు తీసుకెళ్ళాలన్నా తీసుకెళతాం పెర్సిస్. మా ఆయన చెరువు మీంచి బయల్దేరారు, కారు తెస్తన్నారు."

పెర్సిస్ తల ఊపింది.

"చేపేగదే" అంది వెంకటనరసమ్మ ఉన్నట్టుండి, కోడలి వైపు చూడకుండానే. "తింటే తిన్నావు. మనిషి ప్రాణం కంటే ఎక్కువా? నేను నిన్ను ఏం చేసేదాన్ని?"

మంగాదేవికి ఆ మాట దెబ్బలా తగిలింది. ఏం చేసేవారో మీకు తెలియదా అని అడగాలనిపించింది. అడగలేదు. పెర్సిస్ వైపే తిరిగింది.

"నాకు భయమేసింది పెర్సిస్. ఎలాగైనా ఆపుదామనే చూశాను. నీళ్ళు తోడాను. కిటికీ అట్ట తీశాను. యాసిడ్ వద్దని కూడా అన్నాను, కావాలంటే మీ ఆయన్నే అడుగు. వద్దు సీమోనూ అన్నాను."

పెర్సిస్ నెత్తి మీది టోపీ తీసి గుప్పిట్లో నలిపింది.

"వద్దనడానికి వచ్చిన నోరు, పోశానని చెప్పడానికి రాలేదేమండీ?"